విరిగిన బోల్టు: ఇంజను భాగమునుండి దానిని తీయు విధానము

గ్రామ పంచాయతీకి సొంత ట్రాక్టరు ఉండుట నేడు వింత విషయము కాదు. తెలంగాణములో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము నాటినుండి గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ఉదయమున ఇంటింటి చెత్తను చేరవేయునది ఆ ట్రాక్టరే. మధ్యాహ్నమున బాట ప్రక్కనున్న మొక్కలకు నీరు పోయునది అదియే. వేసవిలో బోరు ఎండిన వాడకు త్రాగునీరు తెచ్చునదియు అదియే. ఇన్ని పనులకు ఒక్కటే యంత్రము కావున అది నిలిచిపోయిన దినమున ఊరంతయు ఆ లోటును గుర్తించును.

రెండు వేసవుల క్రిందట నేను పర్యటనలో ఒక గ్రామమునకు పోయితిని. పంచాయతీ కార్యాలయము ముంగిట ట్రాక్టరు ముందుభాగము విప్పబడి, గోనెపట్టా కప్పబడి యుండెను. విచారింపగా తెలిసిన సంగతి యిది. ఇంజను ముందువైపున నుండు వాటరు పంపు కారుచుండగా, దానిని మార్చుటకై బోల్టులు విప్పిరి. మూడు బోల్టులు వచ్చినవి. నాలుగవదాని తల పానాతోబాటు ఊడి చేతికి వచ్చినది. మొండెము ఇంజను బ్లాకులోనే నిలిచిపోయినది. మెకానిక్కు ఆ మొండెమునకు నడుమ డ్రిల్లు వేయబోగా అది ప్రక్కకు జరిగినది. ఆ వంకర రంధ్రములోనే బోల్టు తీయు పనిముట్టును దింపి బలముగా త్రిప్పిరి. పనిముట్టు కూడ లోపలనే విరిగినది. దానిని తొలిచివేయుదమని మరల డ్రిల్లు పెట్టగా, అది గట్టి ముక్కపైనుండి జారి మెత్తని పోత ఇనుములోనికి దిగి, లోపలి నీటిదారిని చేరినది. బ్లాకును విప్పి పట్టణమునకు పంపవలసి వచ్చినది. ట్రాక్టరు 19 దినములు కదలలేదు. అది మే నెల. దళితవాడ స్త్రీలు రైతుల వ్యవసాయపు బోర్లనుండి క్యానులతో నీరు మోసికొనిరి.

సర్పంచిగారు ఆ బోల్టు తలను నా చేతిలో బెట్టి, “ఇది చాయ ఖరీదు చేయదండీ, బిల్లు చూడండి” అనిరి. బిల్లు చూచితిని. బోల్టు విరిగిన నిమిషమున కలిగిన నష్టము నిజముగా ఆ చాయ ఖరీదే. తక్కిన నష్టమంతయు అటుపిమ్మటి రెండు గంటలలో జరిగినది.

నేను ఇంజనీరును కాను. ఆ గ్రామమునుండి వచ్చిన పిదప ఒక ప్రభుత్వ ఐ.టి.ఐ.లోని శిక్షకుని, ఇద్దరు అనుభవజ్ఞులైన ఫిట్టర్లను అడిగి, గ్రంథములు చూచి తెలిసికొన్న విషయములను ఇందు వివరించుచున్నాను. పంచాయతీ సభ్యులు స్వయముగా పానా పట్టవలెనని దీని ఉద్దేశము కాదు. షెడ్డులో పని జరుగుచుండగా ఏది ముందో, ఏది వెనుకో, ఎక్కడ “ఇంక చాలును, ఆపుము” అనవలెనో తెలిసిన సభ్యుడొక్కడు దగ్గర నిలిచిన చాలును.

బోల్టు ఏల విరుగును?

బోల్టును మేకు వంటిదని మనము తలతుము. అది నిజమునకు గట్టి స్ప్రింగు వంటిది. బిగించినప్పుడు అది కంటికి కనబడనంతగా సాగును, సాగినది ముడుచుకొనజూచును, ఆ ముడుచుకొను బలమే రెండు భాగములను కలిపి పట్టియుంచును. బోల్టు తలపై 8.8 అనియో, 10.9 అనియో అంకెలుండుట మీరు చూచియుందురు. 8.8లో మొదటి 8 అనగా ఒక చదరపు మిల్లీమీటరునకు సుమారు 80 కిలోల లాగుడుకు ఓర్చుననియు, రెండవ 8 అనగా ఆ బలములో పదింట ఎనిమిది వంతులు దాటినచో సాగినది మరల ముడుచుకొనదనియు అర్థము. ఈ లెక్కన 8 మి.మీ. బోల్టు తెగుటకు దాదాపు మూడు టన్నుల లాగుడు కావలెను. అంత బలమైనది చేతి పానాకు ఎట్లు విరిగినదని సందేహము కలుగవచ్చును. మరలు వాలు దారివలె నుండుటచేత చేతి బలము అనేక రెట్లు పెరిగి బోల్టును లాగును. ఆ బోల్టును సరిగా బిగించుటకు పావు మీటరు పొడవు గల పానా చివర సుమారు 10 కిలోల బలము చాలును. వయసులోనున్న పనివాడు ముప్పది కిలోలు సులువుగా వేయగలడు. పానాకు ఇనుప గొట్టము తొడిగినచో చెప్పనక్కరలేదు.

అతిగా బిగించుట ఒక కారణము. వదులైన బోల్టు ఇంజను అదురుతో లక్షల పర్యాయములు లాగబడి, అలసి, తెగుట మరియొక కారణము. తుప్పు పట్టి బిగిసిన బోల్టును విప్పబోగా మెలిపడి తెగుట మూడవది. తెగిన ముఖమును చూచినచో ఇవి చాలవరకు తెలియును. మెలిపడి తెగినచో ముఖముపై సుడి తిరిగినట్లు గీతలుండును. అలసి తెగినచో ముఖములో ఒక భాగము నునుపుగా, గవ్వపై రేఖలవలె వంపు గీతలతోను, తక్కిన భాగము గరుకుగాను ఉండును.

ఈ భేదము తెలిసికొనుట పండితచర్చ కాదు. ఇంజను నడుచుచుండగా అలసి తెగిన బోల్టు ముక్కకు పైన తల లేదు, లాగుడు లేదు. అది రంధ్రములో వదులుగా నుండుట కలదు. మొనగల సూది వంటి పనిముట్టును దాని అంచున ఆనించి ఎడమవైపునకు మెల్లగా నెట్టినచో పైకి తిరిగి వచ్చిన సందర్భములున్నవి. బిగించునప్పుడు తెగిన ముక్కయు అంతే. విప్పునప్పుడు తెగినదే అసలు చిక్కు. పూర్తి లావున్న బోల్టునే తెంపినంత పట్టు ఆ ముక్కకు మరలలో ఉన్నదని దాని అర్థము. ఆ పట్టును వదలింపకుండ ఎంత బలము వేసినను ఇంకొకటి విరుగునే గాని ముక్క రాదు.

ముందు ఆగవలెను

కావున మొదట చేయవలసినది పనిముట్లను క్రిందబెట్టుట. ఇనుము తుప్పుగా మారినప్పుడు కనీసము రెట్టింపు చోటు ఆక్రమించును. మరల నడుమనున్న సన్నని సందులో ఆ తుప్పు పెరిగి ఇరువైపుల నొత్తుచుండును. ఆ తుప్పు పొరను పగులగొట్టి, సందులోనికి నూనెను పంపుటయే మన పని.

ముక్క చుట్టును తీగబ్రష్షుతో శుభ్రముచేసి, తుప్పు వదలించు నూనెను పోయవలెను. డబ్ల్యూడీ-40 అను సీసా నేడు ప్రతి పట్టణములోను దొరకును. అది 1953లో అమెరికాలో తేమను తొలగించి తుప్పు పట్టకుండ కాపాడుటకై తయారైనది. లోనికి ఇంకు గుణము కూడ దానికి కొంత కలదు. ప్రత్యేకముగా లోనికి ఇంకుటకే చేయబడిన నూనెలు అంతకంటె మేలు. ఏవియు లేనిచో కిరసనాయిలునో, డీజిలునో వాడినను కొంత ఫలితముండును. నూనెకంటె ముఖ్యమైనది వ్యవధి. సాయంత్రము పోసి, మధ్యమధ్య చిన్న సుత్తితో ముక్క నెత్తిన తేలికగా తట్టి, మరునాటి ఉదయమున చూడవలెను. తట్టినప్పుడు కలుగు అదురుకు తుప్పు పొరలో సన్నని పగుళ్ళు ఏర్పడి నూనె దిగును. పై గ్రామములో ఈ ఒక్క రాత్రిని వృథా యని తలచిరి.

నూనెకు లొంగనిదానిని వేడి లొంగదీయును. అయితే భాగము ఏ లోహముతో చేయబడినదో ముందు తెలిసికొనవలెను. అయస్కాంతము అంటినచో పోత ఇనుము, అంటనిచో చాలవరకు అల్యూమినియము. అల్యూమినియము వేడికి ఉక్కుకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించును. భాగమును 100 డిగ్రీలు వేడిచేసినచో 8 మి.మీ. రంధ్రము దానిలోని ఉక్కు బోల్టుకంటె మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు ఎక్కువ విచ్చుకొనును. ఇది స్వల్పముగా తోచవచ్చును గాని పట్టు వదలుటకు తరచు చాలును. కావున అల్యూమినియములో చిక్కిన ముక్క విషయమున చుట్టునున్న భాగమును వేడిచేయవలెను. మంట మాత్రము మితముగా నుండవలెను. అల్యూమినియము 660 డిగ్రీల వద్ద కరగును. ఇనుమువలె ముందుగా ఎర్రబడి హెచ్చరింపదు. నిన్నటివరకు గట్టిగా నున్న అంచు క్షణములో క్రుంగిపోవును.

పోత ఇనుము సంగతి వేరు. దాని వ్యాకోచము ఉక్కుతో దాదాపు సమానము. రెంటిని కలిపి వేడిచేసినచో సందు పెరుగదు. ఇక్కడ బోల్టు ముక్కనే ఎర్రగా కాల్చవలెను. అది ఉబ్బి తుప్పును నలుగగొట్టును. చల్లారునప్పుడు ముడుచుకొని వదులగును. ఆరుచున్న వేడిమీద కొవ్వొత్తిని ముక్క అంచున ఆనించినచో మైనము కరిగి మరలలోనికి పీల్చుకొనబడును. పాత మెకానిక్కులు ఈ కొవ్వొత్తి వైద్యమును మిక్కిలి నమ్ముదురు. త్వరగా చల్లార్చుటకై కాలిన పోత ఇనుముపై నీరు చల్లరాదు, బ్లాకు పగులును.

ఇక్కడనే ఒక హెచ్చరిక. నూనె పోసినచోటనే మంట పెట్టుచున్నాము. డీజిలు గొట్టములను తొలగించి, ట్యాంకు దరిని మూసి, పొడి ఇసుక బక్కెటునో అగ్నిమాపక సిలిండరునో దగ్గర నుంచుకొని గాని ఈ పని మొదలిడరాదు. ట్రాక్టరుపై వెల్డింగు చేయవలసి వచ్చినచో బ్యాటరీ తీగలను విప్పవలెను. లేనిచో ఆల్టర్నేటరు చెడును. గడ్డివాము ప్రక్క నీడ యున్నదని అక్కడ ఈ పని చేయుచుండుట నేను కన్నులార చూచితిని.

ముక్క పైకి కనబడుచున్నచో

బోల్టు మొండెము రంధ్రముపైకి ఒక వ్రేలెడు నిలిచియున్నచో అదృష్టమే. మరలు చెడకయున్నచో దానిపై రెండు నట్టులెక్కించి, ఒకదానికొకటి ఎదురుగా బిగించి, క్రింది నట్టును పానాతో ఎడమవైపునకు త్రిప్పినచో మొండెము కూడ తిరుగును. పైపు రెంచితో మొదటనే కరచి పట్టుట మంచిది కాదు. అది జారి మరలను అరుగదీసి, తరువాతి మార్గములను మూసివేయును.

అంచు కొద్దిగానే కనబడుచున్నను, ఒక్కొక్కప్పుడు రంధ్రపు ముఖముతో సమముగా నున్నను, నట్టు వెల్డింగు చేయుట నేటి మెకానిక్కుల ప్రధాన మార్గము. ముక్కపై వాషరును, దానిపై నట్టును పెట్టి, నట్టు రంధ్రములోనుండి వెల్డింగు కడ్డీతో ముక్కను, నట్టును ఒక్కటిగా అతుకుదురు. ఇందులో లాభము రెండు విధములు. పానా పట్టుటకు క్రొత్త తల ఏర్పడును. అంతకంటె ముఖ్యముగా, వెల్డింగు వేడి అంతయు సరిగా ముక్కలోనికే దిగి పట్టును వదలించును. చుట్టు భాగము అల్యూమినియమైనచో ఉక్కు వెల్డింగు దానికి అంటుకొనదు కూడ. పోత ఇనుమైనచో కడ్డీ ప్రక్కకు పోకుండ వాషరు కాపాడవలెను. పనివాని చేయి అనుభవముగలదై యుండవలెను.

అతికిన వెంటనే త్రిప్పరాదు. ఎరుపు పోయి, నల్లబడి, ఇంకను వెచ్చగా నున్నప్పుడు పట్టవలెను. మొదట కొంచెము బిగించు వైపునకు, తరువాత కొంచెము విప్పు వైపునకు, మధ్య నూనె చుక్క, మరల అటు, మరల ఇటు. ఇట్లు ఊపుచు నలుసులను చూర్ణము చేయుచు పోవలెను. కీచుమని శబ్దము వచ్చినచో మంచి సూచన. పానాకు స్ప్రింగువలె సాగినట్లు తోచినచో ఆపవలెను, ముక్క మెలిపడుచున్నదన్నమాట. నట్టు అతుకు ఊడినచో మరల అతుకవచ్చును. నాలుగైదు మారులు ఊడిన పిదప వచ్చిన ముక్కలున్నవి. ప్రతి అతుకుకు ప్రతి వేడి తోడగును గనుక ఇందులో వ్యర్థమేమియు లేదు.

ముక్క రంధ్రములోనే యున్నచో

ముక్క లోపల దిగిపోయి, వెల్డింగుకు అందనప్పుడు డ్రిల్లు తప్పదు. మూడువంతుల పని డ్రిల్లుకు పూర్వమే యున్నది. తెగిన ముఖము ఎగుడుదిగుడుగా నుండును గనుక డ్రిల్లు మొన పల్లమువైపునకు జారును. ముఖమును ఆకురాతితోనో చిన్న గ్రైండరు రాయితోనో చదును చేసి, సరిగా నడుమ పంచ్‌తో గుంట పెట్టవలెను. నడుమ అని కంటితో చెప్పుట కష్టము. అందుకు సులువైన ఉపాయమొకటి కలదు. ఏ భాగమును ఆ బోల్టు పట్టియుండెనో ఆ భాగమునే, ఉదాహరణకు వాటరు పంపునే, తక్కిన బోల్టులతో మరల దాని స్థానమున నిలిపి, ఖాళీగా నున్న బోల్టు రంధ్రములో సరిపోవు చిన్న గొట్టమును దూర్చవలెను. ఆ గొట్టపు నడిమి రంధ్రము డ్రిల్లును తిన్నగా నడుపును. అట్టి గొట్టమును లేతు మిషనువారు పది నిమిషములలో చేసి యిత్తురు.

డ్రిల్లులలో ఎడమవైపునకు తిరిగి కోయునవి వేరుగా దొరకును. సాధారణ డ్రిల్లు కుడివైపునకు తిరుగుచు ముక్కను ఇంకను బిగించుట కలదు. ఎడమ డ్రిల్లు తిరుగునది విప్పు దిశయే గనుక, కోయుచు కోయుచు ఒక్కసారి పట్టుకొని ముక్కను పైకి తెచ్చుట తరచు జరుగును. పై గ్రామపు షెడ్డులో ఇది లేదు. మండల కేంద్రములో కూడ లేదు. పెద్ద పట్టణపు హార్డువేరు దుకాణములో మాత్రము దొరకినది. పంచాయతీకి ఒక చిన్న జత కొనియుంచినచో తప్పులేదని నా అభిప్రాయము.

ఇక అందరు వెంటనే ఆశ్రయించు పనిముట్టు, షెడ్డులలో ఈజీ-ఔట్ అని పిలువబడు ఎక్స్‌ట్రాక్టరు. ఇది మొన సన్నగా, మొదలు లావుగా, ఎడమ మరలతో నుండు గట్టి ఉక్కు ముక్క. బోల్టులో రంధ్రము చేసి దీనిని ఎడమకు త్రిప్పినచో కరచి పట్టుకొని లాగుకొని వచ్చునని ఆశ. బోల్టు వదులుగా నున్నప్పుడు ఆ ఆశ నెరవేరును. తుప్పుతో బిగిసిన బోల్టు విషయమున లెక్క చూడుడు. 8 మి.మీ. బోల్టులో మరల లోతు పోగా మిగులు లావు సుమారు 6.5 మి.మీ. అందులో దింపు ఎక్స్‌ట్రాక్టరు లావు సుమారు 4 మి.మీ. మెలికకు ఓర్చు బలము లావు యొక్క ఘనమునుబట్టి మారును. అనగా లావు సగమైనచో బలము ఎనిమిదవ వంతగును. 6.5కు బదులు 4 అయినప్పుడు బలము నాలుగవ వంతుకంటె తక్కువ. పనిముట్టు ఉక్కు బోల్టు ఉక్కుకంటె రెట్టింపు గట్టిదనుకొన్నను, అది ఓర్చునది బోల్టు ఓర్చినదానిలో సగమే. పూర్తి బోల్టు త్రిప్పలేక తెగినచోట దానిలో సగము ఓర్పు గలది ఏమి చేయగలదు? పైగా అది సన్నని మొన గలదగుటచే లోనికి దిగినకొలది ముక్క గోడలను వెలుపలికి నెట్టి, మరలలో ఇంకను బిగియునట్లు చేయును. అది విరిగిన పిమ్మట సామాన్యమైన డ్రిల్లు దానిపై గీత కూడ పెట్టలేదు.

కావున నూనె, వేడి పని చేసిన పిదపనే ఎక్స్‌ట్రాక్టరు. చేతికి తేలికగా త్రిప్పిన వచ్చినచో సరి. రానిచో దానిని వెనుకకు తీసివేసి, ముక్కను పూర్తిగా తొలిచివేయుట మేలు. సభ్యుడు షెడ్డులో ఒక్క మాట అడుగదలచినచో ఇక్కడ అడుగవలెను: “నూనె పోసి ఎన్ని గంటలయినది? వేడి పెట్టితివా?”

పూర్తిగా తొలుచుట యనగా సన్నని డ్రిల్లుతో మొదలిడి, క్రమముగా లావు పెంచుచు, మరలను తాకకుండ ఆగుట. ఆగవలసిన కొలత సిద్ధముగా నున్నది: 8 మి.మీ. సాధారణ మరకు 6.8, 10 మి.మీ. మరకు 8.5, 12 మి.మీ. మరకు 10.2 మి.మీ. నడుమ సరిగా తప్పక తొలిచినచో మిగులునది మరల గాళ్ళలో చుట్టుకొనియున్న సన్నని తీగ వంటి తొడుగు. దానిని సూదిమొనతో ఒకచోట లేపి, ముక్కుపటకారుతో లాగినచో స్ప్రింగువలె విడివడి వచ్చును. తరువాత అదే కొలత ట్యాపును చేతితో మెల్లగా నడిపి మరలను శుభ్రము చేయవలెను.

డ్రిల్లు కొంచెము ప్రక్కకు పోయి మరలు చెడినచో కూడ భాగమును పారవేయ నక్కరలేదు. రంధ్రమును కొంత పెద్దది చేసి, ప్రత్యేకమైన ట్యాపుతో క్రొత్త మరలు కోసి, అందు తీగచుట్ట నొకదానిని ఎక్కింతురు. హెలికాయిల్ అను పేరున ఇది ప్రసిద్ధము. ఆ తీగచుట్ట లోపలి వైపు పూర్వపు కొలతయే యుండును గనుక పాత బోల్టే సరిపోవును. మెత్తని అల్యూమినియములో ఈ ఉక్కు చుట్ట అసలు మరలకంటె గట్టిగా పనిచేయును. “హెడ్డు పోయినది, క్రొత్తది తేవలెను” అని చెప్పినప్పుడు, చుట్ట వేయ వీలగునా యని లేతు షాపులో ఒకమారు అడిగి చూడుటలో నష్టము లేదు.

పనిముట్టు కూడ విరిగినచో

అప్పుడు షెడ్డులో పని ముగిసినట్లే. మరల డ్రిల్లు పెట్టనీయరాదు. విరిగినది గట్టిదే గాని పెళుసైనది. అనుభవజ్ఞుడైన ఫిట్టరు చిన్న పంచ్‌తో కొట్టి ముక్కలు చేయుటయు, కార్బైడు మొనతో అరుగదీయుటయు కలదు. అది కుదరనప్పుడు విద్యుత్ రవ్వలతో లోహమును తినివేయు యంత్రము శరణ్యము. సోవియట్ దేశములో లాజరెంకో దంపతులు విద్యుత్ స్విచ్చుల ముఖములు రవ్వలకు ఏల అరుగుచున్నవో పరిశోధించుచు, 1943లో ఆ అరుగుదలనే ఉపయోగకరమైన పనిగా మార్చిరి. రాగిదో, గ్రాఫైటుదో కడ్డీని నూనెలో విరిగిన ముక్కకు తాకకుండ దగ్గరగా నిలిపి రవ్వలు పుట్టించినచో, ప్రతి రవ్వ ఒక నలుసు లోహమును ఎగురగొట్టును. లోహము ఎంత గట్టిదైనను దానికి భేదము లేదు. చుట్టునున్న మరలకు హాని లేదు. అచ్చులు తయారుచేయు టూల్ రూములలో ఈ యంత్రములుండును. హైదరాబాదు బాలానగరు ప్రాంతము అట్టి పనికి పేరుపడినది. అయితే భాగమును విప్పి అంతదూరము మోసికొనిపోవలెను. పై గ్రామములో 19 దినములు పోయినది ఇందులకే.

ఇక్కడ చిన్న ముచ్చట. గడియారములు బాగుచేయువారు ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు మరమేకును తీయుటకు ఏ పనిముట్టును వాడరు. పటిక కలిపిన వేడినీటిలో ఆ పలకను గంటల తరబడి ఉంతురు. పటిక నీరు ఉక్కును క్రమముగా కరగించి ఇత్తడిని విడిచిపెట్టును. ఉపాయము చక్కనిదే గాని పోత ఇనుప బ్లాకుకు పనికిరాదు. బ్లాకును కూడ తినును.

క్రొత్త బోల్టు బిగించునప్పుడు

ముక్క వచ్చిన సంతోషములో తరువాతి పనిని చాలమంది నిర్లక్ష్యము చేయుదురు. రంధ్రములో ఇనుప రజను మిగులరాదు. గాలితో ఊది, గుడ్డతో తుడువవలెను. ఊదునప్పుడు కంటి అద్దములు పెట్టుకొనవలెను. అడుగు మూసియున్న రంధ్రములో నూనె నిలిచియున్నచో, బోల్టు దిగునప్పుడు ఆ నూనెకు పోవు దారి లేక పోత ఇనుమును పగులగొట్టిన సందర్భములు కలవు.

బోల్టు కొలత విషయము మరింత జాగ్రత్త. కొన్ని పాత నమూనా ఇంజనులలో మరలు అంగుళముల లెక్కలో నుండును. అంగుళములో పదునారింట ఐదు వంతుల బోల్టు 7.94 మి.మీ. లావు, 8 మి.మీ. బోల్టు ప్రక్కన బెట్టినచో కంటికి భేదము తెలియదు. కాని మొదటిదానికి సాధారణ మరలో ఒక చుట్టునుండి మరియొక చుట్టుకు దూరము 1.41 మి.మీ., రెండవదానికి 1.25 మి.మీ. ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కించినచో రెండు మూడు చుట్లు చేతితో దిగి, తరువాత బిగిసిపోవును. అప్పుడు పానా పెట్టుట మరల మొదటికి వచ్చుటయే. బోల్టు చివరివరకు చేతివ్రేళ్ళతో దిగవలెను. పానా చివరి బిగింపునకు మాత్రమే.

నీటిదారిలోనికి పోవు బోల్టు మరలకు సీలెంటు పూయవలెను. తుప్పుకు మొదటి కారణమైన నీరు అందుచే లోనికి రాదు. పొగగొట్టపు మ్యానిఫోల్డు బోల్టులకు రాగి పొడి కలిసిన యాంటీ-సీజ్ గ్రీజు వాడుదురు. ఎర్రగా కాగి చల్లారుచుండు ఆ చోట మరియొక గ్రీజు నిలువదు. గ్రీజు పూసిన బోల్టు పొడి బోల్టుకంటె తక్కువ బలముతోనే బిగియునని మరువరాదు. బిగింపును కొలత చూపు టార్క్ రెంచి ఉన్న షెడ్డునే ఎన్నుకొనుట మంచిది. 8.8 గుర్తుగల 8 మి.మీ. బోల్టుకు సుమారు 25, 10 మి.మీ. బోల్టుకు సుమారు 50 న్యూటన్ మీటర్లు సామాన్యముగా చెప్పుదురు; ట్రాక్టరు పుస్తకములో వేరుగా నున్నచో పుస్తకమే ప్రమాణము.

బిల్లు చెల్లించునప్పుడు విరిగిన ముక్కను కూడ అడిగి తీసికొని, ఏ భాగమున ఏ బోల్టు ఏ తేదీన మార్చబడెనో ట్రాక్టరు లాగుబుక్కులో వ్రాయించవలెను. మరల అదేచోట విరిగినచో లోపము బోల్టులో లేదనియు, భాగము వంకర పోయినదో, అదురు ఎక్కువైనదో చూడవలెననియు ఆ వ్రాతవలననే తెలియును.

పై గ్రామమున బ్లాకు తిరిగి వచ్చిన దినమున నేను మరల అక్కడ నుంటిని. పట్టణపు ఫిట్టరు క్రొత్త వాటరు పంపు నెక్కించుటకు ముందు, క్షేమముగా వచ్చినవని దాచిన పాత బోల్టులు మూడింటిని తుడిచి వెలుతురులో చూపెను. రెండింటికి తల క్రింద నడుము తుప్పు తిని సన్నబడి యుండెను. వానిని ప్రక్కన బెట్టి, క్రొత్తవి నాలుగు తెప్పించి బిగించెను.